నేను ఖాజీపేట కంబళిని

నన్ను నేసింది అనంతపురం జిల్లా కురుబలు. నల్లగొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, ఇంటి ఆడవాళ్లు చేత్తో వడికిన నూలు నాది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద నేశారు. నా బిరుసు ఆ గంజి వల్ల వచ్చింది. వాన చినుకు నా మీద పడి జారిపోవడం ఉన్నిలోని జిడ్డు గుణం. రంగు అద్దే పనే పడలేదు. గొర్రె ఎంత నలుపో నేనూ అంతే నలుపు. సంతలో మా పెద్దాయన నన్ను విప్పి, ఎండకు ఎత్తి పట్టి, వెలుతురు ఎక్కడైనా కనపడుతుందేమోనని మూల మూలా చూశాడు. ఆ తర్వాత తల మీదుగా గొప్పె పెట్టుకుని, "ఇది నా కొడుకుల కాలం దాకా ఉంటాది" అన్నాడు.

మాది కడప జిల్లా ఖాజీపేట. కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, కేసీ కాలువ ఆయకట్టులో ఉంటుంది. వరి, పసుపు మా పంటలు. ఎండలు మండే సీమలో కంబళికి పనేముంటుందని అడగొద్దు. కాలువ నీళ్లు వంతు ప్రకారం అర్ధరాత్రి వస్తే మడవ దగ్గర కూర్చునేవాడికి నేను కావాలి. కళ్లంలో పసుపు ఉడికించే రాత్రులు పొయ్యి ముందు ఒళ్లు కాగుతున్నా వీపు చలికి వణుకుతుంది; అప్పుడూ నేనే కావాలి. పసుపు వాసన నాలో అట్లాగే ఉండిపోయింది. మిగతా రోజులంతా అటక మీద వేపాకుల మధ్య మడతపడి ఉంటాను.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, మా ఇల్లూ అంతే. ఆ మరునాడు మాత్రం తెల్లవారుజామునే నన్ను కిందికి దించుతారు. ఇంట్లో వాళ్లంతా అరకు పోతారు, నేనూ వాళ్లతో పోతాను. రాయలసీమ రైతు కుటుంబం ఏటా పండగ సెలవుల్లో రాష్ట్రం ఆ చివరికి రైలెక్కి పోయేది చలి కోసం!

ఇదంతా మా పెద్దోడి ఉద్యోగంతో మొదలైంది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని 1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ రోజుల్లోనే పెద్దాయన పెద్దకొడుక్కి అక్కడ పని దొరికింది, ఉక్కునగరంలో క్వార్టర్స్ ఇచ్చారు. మా జేజి మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. "మన జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీ ఉంటే నా బిడ్డ అంత దూరం పోయేవాడా?" అని వచ్చినవాళ్లందరినీ అడిగేది. తర్వాత మా జిల్లాలోనూ ఉక్కు ఫ్యాక్టరీకి 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపనలు జరిగాయి. ఆ వార్త చదివి వినిపించినప్పుడల్లా జేజికి అదే ప్రశ్న గుర్తుకొచ్చేది.

పెద్దోడికి పండగకు సెలవు దొరకని ఏడు, వీళ్లే పండగ చేసుకుని అతని దగ్గరికి పోయారు. ఫర్నేస్ షిఫ్టు ముగించుకుని వచ్చిన కొడుకు, "వేడి మీకూ చాలు, నాకూ చాలు. రేపు చల్లని చోటికి పోదాం" అని అందరినీ కిరండూల్ పాసింజరు ఎక్కించాడు. ఆ ఏటి నుంచి అదే మా ఇంటి ఆనవాయితీ అయింది.

మా ఊరికి రైలు లేదు. "మాది ఖాజీపేట" అని పెట్టెలో చెబితే పక్కవాళ్లు, "ఓ, జంక్షన్!" అంటారు. వాళ్లనేది వరంగల్ పక్కన ఉన్న కాజీపేట. మాది వేరని చెప్పడానికి పెద్దాయన కేసీ కాలువ నుంచి మొదలుపెట్టేవాడు. ఆయన ముగించేలోపు రెండు స్టేషన్లు దాటేవి. మొదట్లో బస్సులో తిరుపతి పోయి అక్కడ తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు. ఆ బండిని కడప దాకా పొడిగించాక మా వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. చిత్రాన్నం, నిప్పట్లు, శెనక్కాయల పొడి, రెండు రోజులకు సరిపడా పెరుగన్నం సర్దుకుని ఎక్కుతారు. రాజంపేట, కోడూరు దాటేసరికి సగం నిప్పట్లు అయిపోతాయి. రాత్రి నెల్లూరు దగ్గర పిల్లలు నిద్రలోకి జారుకుంటే జేజి నన్ను ఇద్దరి మీదా కప్పుతుంది. నేను గుచ్చుకుంటానని పిల్లలు ఏటా అంటారు. కింద పాత చీర వేసి పైన నన్ను పరుస్తుంది. ఆ చీరా ఏటా అదే.

మరుసటి రోజు విశాఖలో దిగుతాం. కిరండూల్ బండి తెల్లవారి ఏడు కాకముందే బయలుదేరుతుంది కాబట్టి ఆ రాత్రి అక్కడే ఉండాలి. పెద్దోడు ఉన్నంతకాలం ఉక్కునగరం క్వార్టర్లో, పది మంది రెండు గదుల్లో పడుకునేవాళ్లు.

ఇక ఆ దారి గురించి చెప్పాలి, దాన్ని ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కొత్తవలస దగ్గర బండి హౌరా లైను వదిలి ఎడమకు తిరుగుతుంది. శృంగవరపుకోట, బొడ్డవర దాకా మామూలు నేలే. అక్కడ మొదలవుతాయి కొండలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ. ఒక్కో స్టేషనుకు చలి ఒక్కో మెట్టు ఎక్కుతుంది. ఒంటి మీద బట్టలు చాలవని మా వాళ్లకు త్యాడ దగ్గర తెలుస్తుంది. నాకు పిలుపు వచ్చేదీ అక్కడే.

ఈ లైను జనం కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి, ఆ దేశం సాయంతోనే 1960ల్లో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. ఊటీ బండి మీటర్‌గేజీ పట్టాల మీద, నిట్టనిలువు చోట పళ్ల చక్రం పట్టుకుని ఎక్కుతుంది. 1903లో వచ్చిన సిమ్లా బండివి ఇంకా సన్నని పట్టాలు. మా దారి మాత్రం పూర్తి బ్రాడ్‌గేజి, దాని మీద వేల టన్నుల రాయి దిగుతుంది. ఈ సంగతులన్నీ మా పెట్టెలో ఒకసారి ప్రయాణించిన రైల్వే పెద్దమనిషి చెబుతుంటే మా పెద్దోడు చెవులు రిక్కించి విన్నాడు.

చాలాచోట్ల ఒంటి లైను కావడంతో ఎదురు బండి వస్తుంటే మాది ఏ స్టేషన్లోనో పక్క పట్టాల మీద ఆగుతుంది. ఖనిజం నింపుకుని దిగే గూడ్సు మా కిటికీకి చేతికందేంత దూరంలో నడుస్తుంది. పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ తరగదు. ఒకసారి ఆ ఎర్రటి దుమ్ము కిటికీలోంచి వచ్చి నా మీద పడింది. కోడలు దులపబోతే పెద్దాయన ఆపి, వేలితో అద్దుకుని చూశాడు. "ఇదేనా నువ్వు కరిగించేది?" అని కొడుకును అడిగాడు. "ఇదే నాయనా, బైలదిల్లాది మాకూ వస్తాది" అన్నాడు కొడుకు. ఆయన ఆ వేలిని చాలాసేపు తుడుచుకోలేదు. కొడుకు పని ఏమిటో ఆయనకు ఫ్యాక్టరీ గేటు దగ్గర అర్థం కాలేదు. ఆ చిటికెడు ధూళితో అర్థమైందని నేననుకుంటాను.

సొరంగం వస్తే పెట్టె అంతా ఒకటే కేక. పెద్దా చిన్నా లేదు, ఊరూ పేరూ తెలియని వాళ్లంతా చీకట్లో కలిసి అరుస్తారు. బయట పడేసరికి ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. నా కింద దూరిన పిల్లలు తల బయటపెట్టి, మళ్లీ ఎప్పుడని అడుగుతారు. బొర్రా గుహలు ఈ పట్టాల కిందే ఉన్నాయని తెలిసినప్పుడు జేజి కాళ్లు పైకి మడుచుకుని కూర్చుంది.

శిమిలిగూడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఇదే ఎత్తయినదన్న పేరు చాలాకాలం దీనికే ఉండేది. కశ్మీర్ లోయలో రైలు నడిచాక అది అటు పోయింది. మా వాళ్లకు మాత్రం ఇప్పటికీ ఇదే శిఖరం. బండి ఆగగానే పెద్దాయన నన్ను కప్పుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగి నిలబడేవాడు. పొగమంచు ఆయన్ను మోకాళ్ల దాకా మింగేసేది. కొండ కనపడదు, ఇంజను కనపడదు. నా వెంట్రుకల కొసలకు సన్నని నీటి బొట్లు పట్టేవి, నూలులోకి దిగకుండా అక్కడే నిలిచేవి. నా పుట్టుక దేనికో నాకు అక్కడ తెలుస్తుంది.

అరకులో పడేది ఆకాశం నుంచి రాలే హిమం కాదు. కానీ జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల కిందికి కూడా పోతుంది. తెల్లారి గడ్డి మీద చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. నలభై నాలుగు డిగ్రీల ఎండలో పసుపు ఆరబోసే మనుషులకు అది చాలదా? వలిసె పూలు మేం పోయేసరికి అయిపోతాయి, పొలాలు బోసిగా ఉంటాయి. మా వాళ్లు వాటి కోసం దిగులుపడరు. నెగడు దగ్గర కూర్చుని అరకు కాఫీ తాగుతారు, ఒక రాత్రి థింసా నాట్యం చూస్తారు, ఒక పూట బొంగులో చికెన్ తింటారు.

2017లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె వచ్చింది. పిల్లల పోరుకు ఒక ఏడు అందులో ఎక్కారు. తల ఎత్తితే చాలు, కొండ మొత్తం కనపడుతుంది. జేజికి నచ్చలేదు. "చలి బయటే ఉండె, మనం లోపల ఉంటిమి" అంది. నన్ను ఒళ్లో మడత విప్పకుండానే దించింది. ఆ మరుసటి ఏడు మామూలు పెట్టెకే వచ్చాం.

పెద్దాయన పోయిన ఏడు ఇంట్లో పండగ లేదు, ప్రయాణం లేదు. ఆ పై ఏడు కోడలు అటక ఎక్కాలా వద్దా అని సందేహిస్తుంటే జేజే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. శిమిలిగూడలో ఈసారి నన్ను కప్పుకుని దిగింది తనే. ఇప్పుడు పెద్దోడు కూడా రిటైరై ఖాజీపేటకు వచ్చేశాడు, తమ్ముడితో కలిసి మడవ కాడికి పోతున్నాడు. విశాఖలో మా వాళ్లంటూ ఎవరూ లేరు. అయినా కనుమ మరునాడు బయలుదేరుతూనే ఉన్నారు, విశాఖలో రాత్రికి లాడ్జిలో దిగుతున్నారు. ఎందుకు పోతున్నామని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

మొన్న మాత్రం మనవరాలు కొత్త మాట ఎత్తింది. కడపలో డిగ్రీ చదువుతోంది. 2025 జూన్ 6న చీనాబ్ వంతెన ప్రారంభమైంది, నదికి 359 మీటర్ల ఎత్తున రైలు పోతోంది, కట్రా నుంచి శ్రీనగర్ దాకా ఎక్కొచ్చు, నిజం మంచు అక్కడ పడుతుంది అని ఫోనులో చూపించింది. ఉత్తరాదికి పోయే దారిలో ఆ కాజీపేట జంక్షన్ కూడా వస్తుందని నవ్వింది.

జేజి ఫోను చాలాసేపు చూసింది. "ఆ బండి కిటికీలు తెరుసుకుంటాయా?"

"వందే భారత్ కదా జేజీ, తెరుసుకోవు. దిగినాక ఉంటాది చలి."

"సంక్రాంతికి అరకే. అది ఆపేది లేదు. పసుపు అమ్మినాక దానికి పోదాం. అప్పటికి మంచు ఉంటాదా?"

గుల్మార్గ్‌లో మార్చిలోనూ ఉంటుందని మనవరాలు చెప్పింది. యార్డులో రేటు బాగుంటే చూద్దాం అన్నాడు చిన్నోడు. లెక్క సంగతి నేను చూసుకుంటా అన్నాడు పెద్దోడు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారని, తేదీ తప్పకూడదని మనవరాలు క్యాలెండరులో గుర్తు పెట్టింది. జేజి నన్ను ఒళ్లోకి లాక్కుని, అంచున పురుగు కొట్టిన చోటు వెతికి, సూదిలో దారం ఎక్కించమని దాన్నే పిలిచింది. "మార్చి అంటే ఇంకా నాలుగు నెలలుంది కదా జేజీ" అంటే, "అరకుకు రెండే" అంది.