వచ్చే వారం టీవీలో ఏం చూడాలో ముందే తేల్చుకోవడం ఎలా?

కావలసినవి: గోడ క్యాలెండరు ఒకటి, పెన్ను ఒకటి (రంగు సంగతి చివర్లో చెబుతాను), ఇంట్లో మన మాట చెల్లుతుందన్న భ్రమ చిటికెడు.

ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక, ఎవరూ అడగకపోయినా, వచ్చే వారం చూడాల్సినవి ఎంచడానికి కూర్చోవాలి. పేపర్లో సినిమా పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే పట్టిక, ఛానెళ్లు ఊదరగొట్టే ప్రోమోలు మనకు ఆధారం. ఎంచుకున్న రోజున క్యాలెండరు గడిలో, తిథికీ వర్జ్యానికీ మధ్య మిగిలిన కాస్త జాగాలో, ఒక సున్నా చుట్టండి. కార్యక్రమం పేరు రాయక్కర్లేదు, గుర్తుంటుంది. మా ఆవిడ పాల లెక్క కూడా ఆ గడిలోనే. అదనంగా ప్యాకెట్ తీసుకున్న రోజు తనూ సున్నా చుడుతుంది. గడి ఇరుకైనా సంసారం సర్దుకుపోతోంది.

ఈ ఎంపిక విద్య మా తరానికి ఆలస్యంగా అబ్బింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక చాలా ఏళ్లు ఉన్నది ఒక్కటే. శుక్రవారం చిత్రలహరి చూడాలా వద్దా అని ఎవరూ తర్జనభర్జన పడలేదు, ఎవరింట్లో చూడాలన్నదే సమస్య. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైతే చెప్పులు గుమ్మం బయట విడిచి, పక్కింటి చాప మీద కాస్త జాగా కోసం పరుగెత్తేవాళ్లం. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. చేతికి రిమోట్ వచ్చింది, ఇంట్లో ప్రతిపక్షం పుట్టింది.

2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మనల్ని ఇంకో మెట్టు ఎక్కించింది. నచ్చిన ఛానెళ్లకే డబ్బు కట్టమంది. అప్పట్లో మొదటి వంద ఛానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు, ఆపైన పే ఛానెళ్లకు దేని ధర దానిదే. నేను మూడు రాత్రులు కూర్చుని జాబితా రాశాను. కేబుల్ అబ్బాయి దాన్ని భక్తిగా చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఎందుకు సార్ మీకీ శ్రమ" అని ఒక ప్యాకేజీ పెట్టి వెళ్లాడు. అందులో భోజ్‌పురి ఛానెళ్లు రెండున్నాయి. అమ్మ అడిగినవన్నీ ఉన్నాయి. నేను అడిగింది లేదు. దిగులుపడకండి. జాబితా రాయడం వరకే మన పని, తక్కినది చూసుకోవడానికి జనం ఉన్నారు.

ఇక వారానికి వద్దాం. సోమవారానికి నా ఎంపిక ఈటీవీలో పొద్దున్నే వచ్చే అన్నదాత. మాకున్న సాగల్లా బాల్కనీలో కరివేపాకు కుండీ. అయినా ఆ వేళప్పుడు రిమోట్‌కి పోటీ ఉండదు. మిరపలో ఆకుముడత గురించి మా అపార్ట్‌మెంట్‌లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా మాత్రం, ఆదివారం తప్ప ఏ రోజూ దేనికీ సున్నా చుట్టకండి. ఆ మూడు గంటలు అమ్మ పేరున రిజిస్టరై ఉన్నాయి. అలాగని సీరియళ్లు తప్పిపోతాయని బెంగ అక్కర్లేదు, వంటింట్లోంచి చూసే పద్ధతి ఉంది. అత్తగారు చెయ్యెత్తగానే మీరు పెనం మీద పిండి వెయ్యండి. చెయ్యి గాల్లోనే ఉంటుంది. కోడలి ముఖం, ఆడపడుచు ముఖం, మెట్ల మీద నిలబడ్డ మామగారి ముఖం, ఒక్కో ముఖానికి మూడేసి ఉరుములు. అంచులు లేచాయా? అట్లకాడ పెట్టి తిరగెయ్యండి. ఇంతలో ప్రకటనలు. గంటకు పన్నెండు నిమిషాలు దాటకూడదని కేబుల్ టీవీ నిబంధన. అంటే అరగంట సీరియల్‌కి ఆరు నిమిషాలు, మా మందపాటి పెనం మీద రెండు దోసెలు. దెబ్బ పడే వేళకి అమ్మ కంచంలో మూడోది పడుతుంది. దెబ్బ చెంప మీదే పడిందా, మధ్యలో ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా అన్నది రేపటి మాట. రేపటికీ పిండి ఉంది.

కార్తీకదీపం సీరియల్ 2017లో మొదలై 2023 జనవరి దాకా వెలిగింది. డాక్టర్ బాబు అనుమానం తీరేలోపు మా అమ్మాయి ఇంటరూ డిగ్రీ రెండూ గట్టెక్కేసింది. 2024లో మళ్లీ వత్తి వేశారు. అసలు ఆ సీరియల్ నాయిక వంటలక్క కథ 'కరుత్తముత్తు' అనే మలయాళం సీరియల్ నుంచి వచ్చిందని అమ్మకి చెప్పి, ఆవిడ అభిమానానికి కాస్త గండి కొట్టాలని చూశాను. "ఎక్కడ పుడితేనేం రా, పడ్డ కష్టాలు ఇక్కడివేగా" అంది.

రిమోట్ గురించి రెండు ముక్కలు. దానికి పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి ఉంచాలి. పనిచెయ్యకపోతే మోకాలి మీద రెండుసార్లు కొట్టి, వెనక మూత తీసి సెల్స్‌ని బొటనవేలితో దొర్లించాలి. అప్పటికీ లొంగకపోతే గోడ గడియారంలోని సెల్ పీకి వెయ్యాలి. మా ఇంటి గడియారం అలా ఏడూ ఇరవై ఎనిమిది దగ్గర ఆగి ఉంది. ఎప్పుడు చూసినా సీరియల్‌కి రెండు నిమిషాలు టైముంటుంది.

బుధవారం మధ్యాహ్నానికి మాయాబజార్. 1957 నాటి సినిమా, ఎన్నోసారి అని లెక్కపెట్టడం మర్యాద కాదు. అందరూ ఎస్వీ రంగారావు భోజనం కోసం చూస్తారు. నేను ప్రియదర్శిని కోసం చూస్తాను. ఎవరు మూత తీస్తే వాళ్లకి ఇష్టమైనది కనిపించే పెట్టె అది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. కేవీ రెడ్డి ఆ పెట్టెని ఊహించే నాటికి మన దేశంలో టీవీ లేదు, అందుకే అంత ధైర్యంగా ఊహించాడు. మా హాల్లో ఉన్న పెట్టెని ఎవరు తెరిచినా అమ్మకి ఇష్టమైనదే కనిపిస్తుంది. ఒక బుధవారం భోజనమయ్యాక, ఆవిడ గురక మీద నమ్మకంతో, సౌండు తగ్గించి ఛానెల్ మార్చాను. గురక ఆగింది.

"నిన్నటిది మళ్లీ వేస్తున్నాడు, పెట్టరా."

"రాత్రి చూశావుగా అమ్మా?"

"రాత్రి నువ్వు దోసెల మీద దోసెలు వేస్తుంటే ఎక్కడ చూడనిచ్చావు?"

గురువారం టీవీ ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదు, ఆ రోజు ఛానెళ్లే భయంగా మనవైపు చూస్తాయి. బార్క్ వాళ్ల రేటింగులు వచ్చేది గురువారం. దేశంలో యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు బిగించి, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్ కేటాయిస్తారు, ఎవరు చూస్తుంటే వాళ్లది నొక్కాలి. ఆ మీటరు మా ఇంటికి వస్తే ఒక్క బటన్ అరిగిపోయి, తక్కినవి కొత్తవాటిలా తళతళలాడుతుంటాయి.

శనివారం అతడు. 2005లో వచ్చిన ఈ సినిమాకి టైము చూసుకోవడం దండగ, ఏదో ఒక వేళ మీ దారికి అదే అడ్డొస్తుంది. మొదటినుంచీ చూడాలని పంతం పట్టకండి. మేం ఎప్పుడు తిప్పినా మహేశ్‌బాబు అప్పటికే బాసర్లపూడి చేరుకుని ఉంటాడు. అతను రైలెక్కడం టీవీలో చూసినవాళ్లు మా వీధిలో లేరు.

ఆదివారం వరల్డ్ టెలివిజన్ ప్రీమియర్. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. కొత్త సినిమా చాలాసార్లు సరిగ్గా ఆరింటికి పడుతుంది. ఛానెల్ ఆఫీసులో పంచాంగం ఉందనే నా నమ్మకం. మా అమ్మాయి ఆ సినిమాని ఫోన్లో ఎప్పుడో చూసేసి ఉంటుంది. చంపింది ఎవరో ఏడింటికల్లా చెప్పేస్తుంది. అయినా కదలకండి, ప్రకటనలతో కలిపి చూస్తేనే పండగలా ఉంటుంది.

పోయిన నెల ఈ పద్ధతిలో వారానికి నాలుగు సున్నాల చొప్పున చుట్టాను. అన్నదాత తప్ప ఏదీ పూర్తిగా చూడలేదు. నెలాఖరున మా ఆవిడ క్యాలెండరు దించి పాల లెక్క కట్టింది. పదహారు ప్యాకెట్లు ఎక్కువ తేలాయి. "అన్ని పాలు ఎప్పుడు తాగామండీ?" అని అడిగింది. పాలబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతనికీ లెక్క అర్థం కాలేదు గానీ, కాదనలేదు. మాయాబజార్‌కి అరలీటరు, అతడుకి అరలీటరు అని వాళ్లిద్దరి ముందూ చెప్పే ధైర్యం లేక డబ్బులిచ్చేశాను.

వచ్చే వారానికి నీలం పెన్ను కొన్నాను.