సీసాల్లో పుట్టిన ఇంటివంట

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటిళ్లలో ఇప్పుడొక ఉపదేశం బాగా చెలామణీ అవుతోంది. బండి మీది గోబీ మంచూరియా విషమట, అదే ఇంట్లో చేసుకుంటే సింపుల్, ఆరోగ్యం అట. మొదటి ముక్కకు ఆధారముంది. హిందూపురం పొలిమేర దాటితే వచ్చే కర్ణాటకలో 2024 మార్చిలో 171 గోబీ మంచూరియా నమూనాలు పరీక్షిస్తే 107 పనికిరావని తేలింది. ప్రభుత్వం అందులో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధించింది. నిషేధం రంగుకే, గోబీకి కాదు. ఇక రెండో ముక్క, అంటే మన గడప తొక్కగానే ఏ తిండైనా పునీతమైపోతుందన్న నమ్మకం, దానికి మాత్రం భక్తి తప్ప ఆధారం లేదు.

ఆ ‘సింపుల్’ వంట సామాను చూడండి: సోయా సాస్, చిల్లీ సాస్, టమోటా సాస్, వెనిగర్, కార్న్‌ఫ్లోర్, షెజ్వాన్ చట్నీ. ఇవన్నీ కర్మాగారంలో తయారై వచ్చినవే. ఇల్లు ఇచ్చేది పొయ్యి, బాణలి, కాగిన నూనె. మామూలు సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో రెండు గ్రాముల పైచిలుకు ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దంటోంది. ఇంతా చేసి ‘అజినమోటో మాత్రం వెయ్యలేదమ్మా’ అని మడి కట్టుకున్నంత గర్వం! 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచులోంచి తీసిన, అజినమోటోకు మూలమైన ఆ గ్లుటమేట్ సోయా సాస్‌లో సహజంగానే ఉంది, పండిన టమోటాలోనూ ఉంది. వాకిట్లో తరిమేసినామె పెరటి తలుపులోంచి వచ్చి పీట వేసుకుని కూర్చుంది, అంతే.

పోనీ చైనా వంటయినా నేర్చుకున్నామా అంటే, మంచూరియా వంటకం పుట్టింది 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో. నెల్సన్ వాంగ్ అనే వంటవాడు మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చిలకు సోయా సాస్ చేర్చి చికెన్‌తో చేశాడు. చైనావాళ్లు రోజూ ఇంట్లో వండుకునేవి వేరు: అన్నం, వెల్లుల్లితో వేయించిన ఆకుకూర, గుడ్డూ టమోటా పొరటు, పొద్దున్నే బియ్యపు గంజి. సిచువాన్‌లో ఎండుమిరపకాయలూ వేయించిన చెనిక్కాయలూ వేసి కోడిమాంసం వండుతారు. మిరపకాయలకు హిందూపురం మార్కెట్ ఉంది, చెనిక్కాయలకు చుట్టూ చేలున్నాయి. అసలైన చైనా ఇంటివంటకు కావలసినవి చాలావరకు ధర్మవరం వంటింట్లో ముందునుంచీ ఉన్నవే. లేనిదల్లా షెజ్వాన్ సీసా. దాంట్లో సిచువాన్ మిరియం వాసనైనా తగలదు, అది వేరే సంగతి.

పరదేశపు తిండి మీద ఇంత కక్ష ఎందుకని అడగొచ్చు. కక్షేమీ లేదు. మిరపకాయ, చెనిక్కాయ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. రోట్లో పడి ఊరిబిండిగా మారి, సంగటి పక్కన చేరి మనవైపోయాయి. సాస్ సీసా అలా రోట్లో పడే రకం కాదు, ఫ్రిజ్‌లో ఖాళీ అయితే మరొకటి కొనాల్సిందే. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు తయారవడం మొదలయ్యాక కొరియా కుటుంబాలు వచ్చాయి, కొరియన్ అక్షరాల హోటల్ బోర్డులూ వచ్చాయి. వాళ్ల కిమ్చీ అంటే ఉప్పు, కారం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టిన క్యాబేజీ. ఊరగాయలు పెట్టే చేతికి అదొక లెక్కా? అయినా మనం ఆ విద్య అడగం, ‘కొరియన్’ అని రాసున్న నూడుల్స్ పొట్లం కొంటాం.

చివరి అభ్యంతరం పిల్లలది: ఉగ్గాని, సంగటి పెడితే మొహం తిప్పుకుంటారు, నూడుల్స్ అయితే ఎగబడతారు. నిజమే, ఆ పేరుకు ఉన్న ఆకర్షణ అది. అలాంటప్పుడు రాత్రి గుడ్డూ టమోటా పొరటు వేడిగా వడ్డించి, ఇది బీజింగ్ వంట అని చెప్పండి. ఇన్నాళ్లుగా వంటింట్లో ఆడుతున్న అబద్ధాల్లో ఇదొక్కటే నిజానికి దగ్గరగా ఉంటుంది.