చెవిలో పాట తీసి నోట్లో పెట్టుకోండి

నడకకు ఏ పాట పెట్టుకోవాలి, అలసట తీరడానికి ఏది వినాలి, మనసు బాగాలేనప్పుడు ఏది మంచిది అని అడిగేవాళ్లకు నాది ఒకటే సలహా. ఇయర్‌ఫోన్లు తీసి బీరువాలో పెట్టండి. ఫోన్లో దాచుకున్న పాటల జాబితా చెరిపేయండి. వినే పాట వెతకడం మానేసి పాడే పాట వెతుక్కోండి. గొంతు లేదంటారా? మరీ మంచిది. గొంతున్నవాళ్ల ధ్యాస రాగం మీద ఉంటుంది, లేనివాళ్ల ధ్యాస ఊపిరి మీద ఉంటుంది. ఒంటికి కావలసింది ఊపిరే.

జిమ్ముల్లో ఈ మాటకు ఒప్పుకోరని తెలుసు. నిమిషానికి 120 నుంచి 140 బీట్లుండే పాట వింటూ పరిగెత్తమని వాళ్ల లెక్క. ఆ లెక్క ఉత్తది కాదు. 1911లోనే లెనార్డ్ ఏయర్స్ అనే ఆయన న్యూయార్కులో జరిగిన ఆరు రోజుల సైకిల్ పందెం చూసి, బ్యాండు మోగుతున్నంతసేపూ తొక్కేవాళ్ల వేగం పెరిగిందని రాశాడు. లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కారాజోర్గిస్ ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. పాట వింటే శ్రమ కొంత తేలికవుతుంది, కాదనను. అయితే 2013లో జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థలో థామస్ ఫ్రిట్జ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. మనిషి కండరం కదిపితే సంగీతం పుట్టేలా వ్యాయామ యంత్రాలకు ఏర్పాటు చేశారు. ఊరికే వింటూ చేసినప్పటి కంటే, తామే సంగీతం పుట్టిస్తూ చేసినప్పుడు జనానికి శ్రమ తక్కువగా అనిపించింది. అంత యంత్రం మనకెందుకు, గొంతు ఉంది కదా.

మన మెట్ట సీమలో బావి నీళ్లు తోడే కపిల తోలినవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. ఎడ్లు ఏటవాలుగా దిగుతూ మోకు లాగుతుంటే రైతు పాట పాదం ఎత్తుకునేవాడు. తోలు బాన పైకొచ్చి తొట్లో నీళ్లు కుమ్మరించేదాకా ఆ పాదం సాగాలి. ఎడ్లు వెనక్కి నడుస్తుంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఆ పాట పొడవును నిర్ణయించింది బావి లోతు. కరెంటు మోటార్లు వచ్చాయి, కపిల పోయింది, పాటా పోయింది. కపిలను తిరిగి తెమ్మని అడగను. చేసే పని పొడవును బట్టి పాట ఎంచుకునే ఆ పద్ధతి మాత్రం కావాలి.

ఉగాది ముందు కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులను మా కర్నూలు జిల్లా రోడ్ల మీద చూడనివాళ్లుండరు. ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లో గుంపులుగా వస్తారు. నెత్తి మీద మూట, కాళ్లకు బొబ్బలు, పైన మండే ఎండ. కొందరైతే మరగాళ్ల మీదే నడుస్తారు. వాళ్ల పక్కన కాసేపు నడిచి చూడండి. ఒకడు మల్లయ్య పేరెత్తుకుంటాడు, తక్కినవాళ్లు అందుకుంటారు. అతను పాడేటప్పుడు వీళ్లు గాలి పీల్చుకుంటారు, వీళ్లు పాడేటప్పుడు అతను పీల్చుకుంటాడు. ఎవరికీ ఆయాసం ముదరదు. కాళ్లు వాటంతటవే వరస కలుస్తాయి. వెనక ముసలివాళ్లు జారిపోతే జవాబు పలచబడుతుంది. అది చెవిన పడగానే ముందువాడు పాదం లాగి నిదానిస్తాడు. గుంపు మళ్లీ కలుస్తుంది. ఫోన్లో పాట మీ కోసం నిదానించదు. మీరు ఆగిపోయినా దాని దారిన అది పోతూనే ఉంటుంది.

ఒంటరిగా నడిచేవాళ్లు పద్యం పట్టుకోండి. చదును బాటకు ద్విపద మేలు. రెండేసి పాదాలు, ఎక్కడైనా ఆపొచ్చు, ఎక్కడైనా అందుకోవచ్చు. మెట్లు ఎక్కడానికి వేమన ఆటవెలది. పాదాలు పొట్టివి, నాలుగోది మకుటం, అది నోటికి వచ్చేసిందే కాబట్టి ఆలోచన అక్కర్లేదు, కాలు మీద ధ్యాస పెట్టొచ్చు. గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం సీసమే. దాన్ని నాటకం వాళ్లలా ఒక్క గుక్కలో లాగాలని చూడకండి. ప్రతి పాదానికీ మధ్యలో విరుపు ఉంది, అక్కడ నిలబడి గాలి తీసుకోండి. ఎత్తుగీతికి వచ్చేసరికి పైకి చేరతారు. మీ పిల్లలకు బళ్లో పద్యాలు దండగ అనిపిస్తున్నాయంటే, వాటిని కూర్చోబెట్టి చెప్పించడం వల్లేనని నా నమ్మకం. పద్యాన్ని నడిపిస్తూ నేర్పాలి.

పాడుతూ నడిస్తే వేగం లెక్క కూడా దొరుకుతుంది. వ్యాయామం తీవ్రత తెలుసుకోవడానికి అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పే కొలత ఇది: మాట్లాడగలిగి, పాడలేకపోతే మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి ఆగితే తీవ్రం. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కాబట్టి పద్యం ఎత్తుకొని బయల్దేరండి. పద్యం హాయిగా సాగిందంటే నడక చాలదు, అడుగు పెంచండి. పాదం మధ్యలో తెగిపోతే అదే మీ వేగం. మాట కూడా రావడం లేదంటే తగ్గించండి. చేతికి ఖరీదైన వాచీ కొనే పని లేదు.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి చలికాలంలో సుగ్గి వలస పోయేవాళ్లకు వ్యాయామం గురించి సలహా చెప్పే సాహసం చేయను. పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప చేలకు పోయి, పొద్దంతా నడుము వంచి కాయ కోసే మనిషికి ఇంకేం వ్యాయామం? కానీ పాట సంగతి చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు అక్కడా చెవికో తీగ వేలాడుతోంది. ఒకే సాలులో పక్కపక్కన వంగిన అక్కాచెల్లెళ్లు వేరువేరు పాటలు వింటున్నారు. పక్కామె పామును చూసి కేక పెట్టినా వినపడదు. ఇంటి మీద బెంగతో గొంతు పూడుకుపోయినా వినపడదు. "మూగగా కోస్తే సాలు తరగదప్పా" అనే పెద్దామె ప్రతి గుంపులోనూ ఉంటుంది. ఆమెను అడిగి పాట ఎత్తించుకోండి, అందరూ అందుకోండి. కిలో లెక్కన కూలి కాబట్టి చెయ్యి ఆగకూడదు, నిజమే. చెయ్యి ఆగకుండా పాడే పాటలే ఆమె దగ్గర ఉంటాయి.

ఇక విశ్రాంతి. మెల్లని వేణువు, వాన చప్పుడు, అలల హోరు వినమని సలహాలిస్తారు. వాన చప్పుడు విని మెట్ట రైతు నిద్రపోతాడా? అర్ధరాత్రి ఆ చప్పుడు చెవిన పడితే లేచి వాకిట్లోకొచ్చి ఆకాశం చూస్తాడు, విత్తనాల లెక్క వేసుకుంటాడు. మా వైపు మనిషి సేద తీరాలంటే నేను రాసిచ్చే మందు గోల. గుడి దగ్గర చెక్కభజన.

చెక్కలు జానెడు పొడవుంటాయి, సందుల్లో లోహపు బిళ్లలు. చెయ్యి ఆడిస్తే గల్లుమంటాయి. కాళ్లకు గజ్జెలు కట్టి అందరూ వలయంగా నిలబడతారు. గురువు ఒక చరణం అంటాడు, వలయం తిరిగి అంటుంది. అడుగు మొదట నిదానంగా పడుతుంది. తర్వాత వేగం అందుకుంటుంది. ఎగరడం, కూర్చుని లేవడం, గిర్రున తిరిగి పక్కవాడికి ఎదురు నిలవడం. చొక్కాలు వీపుకు అతుక్కుపోతాయి. చరణం అయిపోగానే చెక్కలు చంకలో పెట్టుకొని రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ నిలబడతారు. కాసేపు ఉధృతంగా, కాసేపు ఆగి చేసే వ్యాయామానికి పట్నంలో పేరూ ఫీజూ ఉన్నాయి. ఇక్కడ గురువుకు గజ్జెపూజ నాడు తాంబూలం ఇస్తారు. ఆడవాళ్లకు కోలాటం ఉంది. అందులో ఉద్ది, అంటే జోడీ, కుదరడమే సగం వైద్యం. మీ కోల ఎక్కడ తగలాలో ఎదుటి మనిషికి తెలుసు, ఆమె కోల ఎక్కడికొస్తుందో మీకు తెలుసు. కోపు మారినప్పుడు తడబడితే ఇద్దరూ నవ్వుకుంటారు. రాత్రి భజన చేసొచ్చి పడుకున్న మనిషికి నిద్ర మీద సలహాలు అక్కర్లేదు.

ఒక్కటే షరతు, మైకు వద్దు. వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. 90కి చేరితే ఆ హద్దు వారానికి 4 గంటలకు పడిపోతుంది. వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకరు చెవులకు చేటు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మైకు రాగానే ఒకడు పాడతాడు, వందమంది కూర్చుంటారు.

బాధలో ఉన్నప్పుడు ఉల్లాసమైన పాటలు వినమని చెప్పేవాళ్లను నమ్మకండి. ఏడుపు పాటే ఎత్తుకోండి. మా పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం కాటిసీనుకు జనం తెల్లవార్లూ మేలుకుని ఉండేది అందుకే. ఆ సీనులో జాషువా శ్మశాన పద్యాలు వచ్చేసరికి కొంగులు కళ్లకు పోతాయి. పొద్దున్నే అదే జనం తేలికపడిన మొహాలతో చేలకు పోతారు. 1940ల్లో అమెరికాలో ఇరా ఆల్ట్‌షులర్ అనే మానసిక వైద్యుడు సంగీత చికిత్సకు పెట్టిన సూత్రం కూడా ఇదే: రోగి మనసు ఉన్న చోటి నుంచే సంగీతం మొదలుపెట్టాలి, మెల్లగా అక్కడి నుంచి కదిలించాలి. అయితే ఒంటరిగా గదిలో కూర్చుని అదే విషాదాన్ని రాత్రంతా వినడం వేరు. ఏడుపు పాటను పదిమందిలో పాడాలి. వారాల తరబడి దిగులు వదలకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి.

నిద్రకు నీలాంబరి రాగం మంచిదంటారు. జోలలకు ఆ రాగం పేరుపడ్డదే. కానీ ఫోన్లో నీలాంబరి పెట్టి పిల్లవాడి తలాపున ఉంచకండి. మొజార్ట్ వింటే పిల్లలకు తెలివి పెరుగుతుందని అమ్మేవాళ్లనూ దగ్గరికి రానివ్వకండి. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన చేసింది కాలేజీ విద్యార్థుల మీద. కనిపించిన ప్రభావం ఒక పావుగంట. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు జెల్ మిల్లర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం రికార్డు ఇప్పించాలని బయల్దేరాడు. ఆ డబ్బుతో తల్లులకు ఇంకో వారం సెలవు ఇప్పించి ఉంటే ఎంతమంది పిల్లలు అమ్మ గొంతు వినేవాళ్లో.

మీరే జోల పాడండి. సాగదీసి పాడితే బయటికి వదిలే గాలి పొడవవుతుంది, ఊపిరి వదిలేటప్పుడు గుండె నిదానిస్తుంది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో బృందగానం చేసేవాళ్లను పరిశీలిస్తే, ఊపిరి కలవడంతో వాళ్ల గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఇంట్లో పసిబిడ్డ లేకపోతే ముసలమ్మ ఉంటుంది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని "ఊర్మిళాదేవి నిద్ర" వచ్చా అని అడగండి. ఆ పాట చాలా పొడుగు. ఆమె మొదలుపెడుతుంది, మీరు పల్లవి అందుకోండి. ఎవరు ముందు నిద్రపోయినా నష్టం లేదు.

చెవులు మూసుకుని ఆరోగ్యం వెతుక్కోకండి. మీ ఊరి గుడి దగ్గరో, పీర్ల చావిడి దగ్గరో, రచ్చకట్ట మీదో ఈ వారం పాట ఉండే ఉంటుంది. పోయి, వెనక వరసలో నిలబడండి. చెక్కలు లేకపోతే చప్పట్లు కొట్టండి. చరణం రాకపోతే చివరి మాటైనా అందుకోండి.