ఊరేగింపు రెడీ, గెలిచేవాడే రావాలి

మా మేనల్లుడి పల్సర్ ట్యాంకు మీద పసుపు రంగులో 46 అని ఉంటుంది. వెనక నంబరు ప్లేటు మీద ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు, అంతలా పైకి వంచేశాడు. నలభై ఆరేమిటిరా, మీ ఇంటి నంబరా అంటే నా వైపు జాలిగా చూసి, "వాలెంటినో రోసీ మావయ్యా. తొమ్మిదిసార్లు ప్రపంచ ఛాంపియన్" అన్నాడు. విశాఖ గాజువాకలో పుట్టి, స్టీల్ ప్లాంటు సైరను వింటూ పెరిగిన గుంటడు. ఇటలీలో తవుల్లియా అనే చిన్న ఊరి మనిషి కోసం వీడు చెయ్యనిది ఉపవాసం ఒక్కటే.

అదే వీధిలో 93 అంటించుకున్న ఇంకో కుర్రాడున్నాడు. అది మార్క్ మార్కెజ్ నంబరు. 2015లో మలేషియాలోని సెపాంగ్‌లో రోసీ, మార్కెజ్ ఒకరినొకరు రాసుకున్నారు, మార్కెజ్ పడిపోయాడు. అప్పటికి మావాళ్లిద్దరూ నిక్కర్లు వేసుకు తిరిగేవాళ్లే. అయినా సరే, ఆ గొడవ మీద ఇవాళ్టికీ మాటల్లేవు. పొలం గట్టు తగాదాలే మూడో తరానికి చల్లారుతున్నాయి, ఇదేం పంతమర్రా అని రాజీ కుదర్చబోతే ఇద్దరూ ఏకమై నన్ను కసిరారు. 2025 సెప్టెంబరులో జపాన్‌లోని మోటెగీలో మార్కెజ్ మళ్లీ ఛాంపియనైన రోజు ఎదుటివాడు వీధిలో టపాసులు పేల్చాడు. ఎవరు గెలిచార్రా అని మా అక్క అడిగితే, మావాడు తలుపేసుకుంటూ "ఎవరిదో పెళ్లిలేమ్మా" అన్నాడు.

వీళ్ల అసలు బాధ వేరే ఉంది. మనోడు అని చెప్పుకోడానికి మన ఊరివాడొకడు లేడు. మద్రాసుకి జగన్ కుమార్ ఉన్నాడు, జాతీయ ఛాంపియన్‌షిప్ ఎన్నోసార్లు కొట్టినవాడు. బెంగళూరుకి ఐశ్వర్య పిస్సే ఉంది. 2019లో బాహా రేసుల మహిళల ప్రపంచ కప్పు గెలిచి, మోటారు పోటీల్లో ప్రపంచ టైటిల్ తెచ్చిన తొలి భారతీయురాలైంది. మద్రాసు వాళ్లకి ట్రాకుంది కదరా అన్నాను. షోలవరంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు నడిచాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలు సిసలు ట్రాకే వచ్చింది. విచిత్రమేమిటంటే, మన గాజువాక మీదుగా పోయే కలకత్తా-మద్రాసు హైవేనే ఆ షోలవరం పక్కనుంచీ పోతుంది. రోడ్డొకటే. అక్కడ పక్కన రేసుల మైదానం, ఇక్కడ రోడ్డే రేసుల మైదానం.

హైదరాబాదు వాళ్లు కూడా 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు పెట్టారు. ఫ్రాన్సు వాడు వెర్న్ గెలిచాడు. నాకు మాత్రం నచ్చింది ముందురోజు ప్రాక్టీసు. మామూలు జనం బళ్లు ట్రాకు మీదకి వచ్చేశాయి, అవి ఖాళీ అయ్యేదాకా రేసు కార్లు ఆగాయి. దారి మూసేస్తే మూసింది మనల్ని కాదనుకునే ఆత్మవిశ్వాసం తెలుగువాడికి పుట్టుకతో వస్తుంది.

ఛాంపియన్ లేకపోయినా మావాడి దగ్గర విజయోత్సవం ప్రణాళిక మాత్రం తయారుగా ఉంది. ముందు ఆశీలుమెట్టలో సంపత్ వినాయకుడి గుడి. ఈ ఊళ్లో ఏ బండి కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేది అక్కడే, రేసు బండికి మినహాయింపు ఎందుకుంటుంది? 1971 యుద్ధంలో తూర్పు నౌకాదళ అధిపతి కృష్ణన్ అక్కడే 1001 కొబ్బరికాయలు కొట్టించాడనీ, తర్వాతే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరంలో మునిగిందనీ చెప్పుకుంటారు. జలాంతర్గామికే అన్ని కాయలైతే ప్రపంచ కప్పుకి ఎన్ని అన్న లెక్క దగ్గర మావాడు ఆగిపోయాడు. అక్కణ్ణుంచి జగదాంబ, అక్కణ్ణుంచి బీచ్ రోడ్డు, కురుసుర మ్యూజియం దాటి రుషికొండ దాకా రెండొందల బళ్లు, సైలెన్సర్లు ఊడదీసి. అదే బీచ్ రోడ్డు మీద పోలీసులు ఆ రకం సైలెన్సర్లు వరసగా పరిచి రోడ్డు రోలరు ఎక్కించారని గుర్తుచేశాను. "అందుకే ఇంట్లో స్పేరు పెట్టుకోవాలి మావయ్యా" అన్నాడు. ఫ్లెక్సీ డిజైను కూడా అయిపోయింది. పైన పదిహేను మంది శుభాకాంక్షలు తెలిపే వాళ్ల ముఖాలు, కింద మూలన కప్పు. ఛాంపియన్ ఎక్కడరా అంటే, ఖాళీ ఉంచామన్నాడు. తపాలా బిళ్లంత ఖాళీ.

సంబరంలో రోసీ బృందం వీళ్లకి తాతలు. అతను రేసు గెలిస్తే తవుల్లియాలో ఫాదరీ చర్చి గంట కొట్టేవాడు. 1999లో స్పెయిన్‌లోని హెరెత్‌లో గెలిచాక బండి పక్కకాపి, ట్రాకు ఒడ్డునున్న మరుగుదొడ్లోకి దూరి తీరిగ్గా బయటికొచ్చాడు. 2002లో ముజెల్లోలోనైతే అభిమానులు పోలీసు వేషాల్లో అతణ్ణి ఆపి, అతివేగానికి చలానా రాశారు. ఇది చెప్పినప్పుడు మావాడు నవ్వలేదు. వాడికి బాకీ ఉన్న చలానాలన్నీ అసలు పోలీసులు రాసినవే.

నా భయం రేపు గెలిచి వచ్చే ఆ ఛాంపియన్ గురించి. నిలువెల్లా తోలు సూటు, లోపల ఎయిర్‌బ్యాగు, నెత్తిన హెల్మెట్ లేనిదే అతను బండి ముట్టడు. పసుపు జెండా ఊపితే ముందువాణ్ణి దాటడు. పిట్ లేన్‌లో అరవై దాటితే శిక్ష కాబట్టి అరవై దాటడు. అలాంటి మనిషిని ట్రిపుల్ రైడింగులో వచ్చి, చేతులు వదిలేసి, ముందు చక్రం గాల్లోకి లేపి ఆహ్వానించే రెండొందల మంది మధ్య నిలబెడితే వచ్చిన విమానంలోనే తిరిగెళ్లిపోతాడు. ఒకవేళ ధైర్యం చేసి ర్యాలీలో బండి నడిపాడే అనుకుందాం, బీచ్ రోడ్డు ఎక్కేసరికే అందరికన్నా వెనక మిగిలేది అతనే.

ఈ సంగతే మావాడికి నెమ్మదిగా చెప్పాను. వాడేమీ కంగారు పడలేదు.

"ఆయన్ని బండి ఎవరు నడపమన్నారు మావయ్యా? ఓపెన్ టాప్ జీపులో నిలబెట్టి దండేస్తాం. ఆ రేసు బండి మేం తెస్తాంలే."