శ్రీ నాట్ అవైలబుల్ గారి సమగ్ర రచనలు

"నెట్‌లో లేనిదేముందండీ, వెతకడం చేతకాక గానీ!" అని ఈమధ్య ప్రతి సాహిత్య సభలోనూ ఒకాయన లేచి సెలవిస్తున్నాడు. ఆయన చివరిసారి గ్రంథాలయం మెట్లెక్కింది పోటీ పరీక్షల కాలంలో. సరే, పెద్దమనిషి మాట కాదనడమెందుకని, 1950లలో ఒకే ఒక్క కథల సంపుటి అచ్చేయించుకుని వెళ్లిపోయిన ఏ చిన్న రచయిత కోసమో వెతకబోయారనుకుందాం.

పేరు దగ్గరే పేచీ మొదలు. మన రచయితలు ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంలో సరిపెట్టుకున్న త్యాగధనులు. కె. సత్యనారాయణ అని కొట్టండి: కైకాల వారు సపరివారంగా దర్శనమిస్తారు, వారి వెనక రాజకీయ నాయకులు, ఎముకల డాక్టర్లు, ఇళ్ల స్థలాల వ్యాపారులు. కథకుడి జాడ ఉండదు. పోనీ ఇంగ్లీషు అక్షరాల్లో పుస్తకం పేరు కొడదామా అంటే, సీతమ్మకు ఈలు రెండా, ఐ ఒకటా, టీ పక్కన హెచ్ ఉందా లేదా అన్నది ఎక్కించినవాడి ఆనాటి మూడ్‌ని బట్టి ఉంటుంది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని తలపెట్టారు. ఆ చలవతోనే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి తెలుగు పుస్తకాలు వేలకు వేలు చేరాయి. తర్వాత ఆ సైటు మూతబడితే వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తలదాచుకున్నాయి. ఆ సంకల్పానికి చేతులెత్తి మొక్కాలి. కానీ వివరాలు నింపిన చేతులకు తెలుగు వచ్చో రాదో ఆ పరమాత్మకే ఎరుక. చాలా పుస్తకాలకు రచయిత పేరుండాల్సిన గడిలో 'నాట్ అవైలబుల్' అని ఉంటుంది. ఆ లెక్కన తెలుగులో శ్రీ నాట్ అవైలబుల్ గారిని మించిన రచయిత లేడు. పద్యం, నాటకం, ఆయుర్వేదం, వ్యాకరణం, అన్నిటా ఆయనదే చెయ్యి. విశ్వనాథ వారు కూడా ఆయన ముందు బలాదూర్. ఇంకా జ్ఞానపీఠం ఎందుకివ్వలేదో!

మీకు కావలసిన సంపుటి ఆయన ఖాతాలోనే పడి ఉండొచ్చు. లోపలి వాక్యం ఏదో గుర్తుంది గదా, దాంతో వెతుకుదామంటారా? ఎక్కించిన ఆ పుటలు చాలామటుకు ఉత్త బొమ్మలు, అక్షరాలు కావు.

ఇక చట్టం సంగతి. రచయిత పోయాక మరో 60 ఏళ్లు హక్కులుంటాయి. అంటే 1970లో పోయినాయన పుస్తకాన్ని 2030 ఆఖరు దాకా కాపీరైటు కాపలా కాస్తుంది. అనుమతి అడగడానికి వారసులెక్కడ? పుస్తకం వెనకట్ట మీద "ప్రతులకు: రచయిత" అని ఒక ఇంటి నంబరుంటుంది. ఆ ఇల్లు అపార్ట్‌మెంటయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో అటక మీది కట్టలు ఎటు వెళ్లాయో పాత పేపర్ల దుకాణాన్ని అడగాలి.

ఫేస్‌బుక్‌లో అడిగితే ఒకాయన "నా దగ్గర ఉంది" అంటాడు. ఆ ముక్క అనడానికే ఆయన ఆ పుస్తకం కొన్నాడు. ఆ కింద ముప్ఫైమంది "నాక్కూడా పీడీఎఫ్ ప్లీజ్" అని దణ్ణాలు పెడతారు. పీడీఎఫ్ అనేది చెట్టుకు కాస్తుందని వీళ్ల గట్టి నమ్మకం.

చివరికి మీరు రైలెక్కి, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనానికో మరో పాత గ్రంథాలయానికో వెళ్తారు. కార్డులు తిరగేస్తారు. అక్కడివాళ్లు బీరువా తీసి, దుమ్ము దులిపి, పుటలు పొడిపొడిగా రాలుతున్న పుస్తకాన్ని చేతిలో పెడతారు. హక్కుల గొడవ లేదని తేల్చుకుని, అనుమతి తీసుకుని, ఒక్కో పేజీ ఫోటో తీసి నెట్‌లో పెడతారు.

మర్నాడు మన సభికుడు దాన్ని దించుకుని మీకు మెసేజ్ పెడతాడు: "37వ పేజీలో మీ బొటనవేలు అడ్డొచ్చింది. మళ్లీ సరిగ్గా తీసి పెట్టగలరు."