ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు

మా రోజుల్లో బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో రిపోర్టు పుస్తకం రాయకుండా ఏ ఓవర్‌మన్, అంటే షిఫ్టు పని చూసేవాడు, ఇంటికి పోయేది లేదు. పేజీలకు నంబర్లు అచ్చేసిన కుట్టు పుస్తకం అది, ఒక్క కాగితం చించినా తెలిసిపోయేది. ఏ గులాయిలో, అంటే బొగ్గు సొరంగంలో, కప్పు ఎట్లుంది, ఎక్కడ గాలి ఆడట్లేదు, గాసు ఎక్కడ చూశాం, ఎన్ని గంటలకు చూశాం, కింద సంతకం. తరువాతి షిఫ్టు ఓవర్‌మన్ అది చదివాకే మనుషులను పనికి పంపేవాడు.

మీథేన్ గాలికన్నా తేలిక, కప్పును పట్టుకుని ఉంటుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య చేరిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 1.25 శాతం దాటితే కరెంటు తీసెయ్యాలని చట్టమే ఉంది. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి, మెల్లగా కప్పు దాకా లేపి, మంట మీద నీలం టోపీ కనపడుతుందా అని చూసేవాళ్లం. అయినా కొందరు ‘గాసు లేదు’ అని రెండు ముక్కలు గీకి పోయేవాళ్లు. ఆ రాతను నేను ఏనాడూ నమ్మలేదు. ఎక్కడ లేదు? మూలకున్న గులాయిలో చూశావా, నడిచే దారిలోనే చూసి వచ్చావా? పొద్దున చూసిన సంగతి మధ్యాహ్నానికి పనికొస్తుందా?

ఇప్పటి పిల్లల రాతలు చూస్తే ఆ రెండు ముక్కలే గుర్తొస్తున్నాయి. నా మనవరాలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తుంది. బ్లాక్‌చెయిన్ మీద తమంతట తామే నడిచే ఒప్పందాలను స్మార్ట్ కాంట్రాక్టులంటారట. వాటిలోకి ధరలు, వాన లెక్కలు వంటి బయటి డేటాను తెచ్చి కలిపే టూల్‌కు గైడు రాయడం ఆమె పని. దసరాకు వచ్చి ముసాయిదా చదివి వినిపించింది. ఇన్‌స్టాల్ చెయ్యండి, ఈ అడ్రసు పెట్టండి, ఈ ఫంక్షన్ కాల్ చెయ్యండి, ధర వస్తుంది. అంతే, గైడు అయిపోయింది! నాకు ఒళ్లు మండింది.

ధర ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే తను ఓపికగానే చెప్పింది. బ్లాక్‌చెయిన్ మీద నడిచే కాంట్రాక్టుకు బయటి లోకం కనపడదట. చెయిన్‌లింక్ వంటి వ్యవస్థలో చాలా మంది ఆపరేటర్లు ధర తెచ్చిస్తే, వాటిలో మధ్య విలువ తీసి చెయిన్ మీద రాస్తారు. దాన్నే ఫీడ్ అంటారు. అదీ క్షణక్షణం కాదు. ఇథీరియం మీద ఈథర్–డాలర్ ఫీడ్‌నే తీసుకుంటే, ధర అర శాతం కదిలినప్పుడో, లేదా గంటకోసారో కొత్త అంకె పడుతుంది. అంకె వెంట అది ఎప్పుడు రాసిందో ఆ సమయం కూడా వస్తుంది. కానీ చాలా నమూనా కోడ్‌లలో ధర ఒక్కటే ఉంచుకుని మిగతావన్నీ వదిలేస్తారు. దశాంశాల లెక్క వేరే. 2,000 డాలర్లు అంటే ఆ ఫీడ్‌లో 2 పక్కన 11 సున్నాలు, ఎందుకంటే 8 దశాంశ స్థానాలు కలిపి రాస్తారు. వేరే ఫీడ్‌లో 18 ఉండొచ్చు. ఇది చెప్పని గైడు గైడేనా?

అంకె వెనుక సంగతి చూడకపోతే ఏమవుతుందో 2022 మే నెలలో లూనా అనే క్రిప్టో నాణెం కుప్పకూలినప్పుడు తేలింది. లూనా ధర ఫీడ్‌కు కింద ఒక హద్దు ఉండేది, పది సెంట్ల దగ్గర. బజారులో ధర అంతకన్నా ఎంతో కిందికి పోయినా ఫీడ్ అక్కడే ఆగింది. వీనస్ అనే అప్పులిచ్చే సంస్థ కాంట్రాక్టులు ఆ పాత అంకెనే నమ్మాయి. కొందరు దాదాపు విలువ లేని లూనాను తాకట్టు పెట్టి అసలైన సొమ్ము అప్పు తీసుకుపోయారు. నష్టం సుమారు కోటీ 12 లక్షల డాలర్లు. హద్దు ఉండటం నేరం కాదు. మా దీపానికీ హద్దుంది, ఒక శాతం కన్నా తక్కువ గాసును అది సరిగా పట్టలేదు. ఆ సంగతి దీపం పట్టిన ప్రతి మనిషికీ నేర్పాకే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు.

ఇవన్నీ గైడులో రాయమంటే, “తాతా, పేజీ పొడుగైతే ఎవరూ చదవరు, కోడ్ కాపీ చేసుకుని పోతారు” అన్నది మనవరాలు.

“అయితే కాపీ చేసే కోడ్‌లోనే పెట్టు బిడ్డా. అంకె పాతబడితే కాంట్రాక్టు ఆగిపోవాలె” అన్నాను.

ఆ మాట ఆమె తలకెక్కింది. ఇప్పుడు నమూనాలోనే సమయం చూసే వరుసలు ఉన్నాయట, పాత అంకె అయితే లావాదేవీ రద్దవుతుంది. కానీ ఫీడ్‌ల హద్దుల పట్టిక ఇంకా పెట్టలేదు, పైవాళ్లు తరువాతి వెర్షన్‌లో చూద్దామన్నారట. రేపు మా ఆదిలాబాద్ పత్తి రైతుకు వాన లెక్క చూసి బీమా సొమ్ము ఇచ్చే కాంట్రాక్టు ఎవరైనా రాస్తే, ఏ ఊరి వానమాపకం, ఎన్ని గంటల లెక్క, అది చెడిపోతే ఏ అంకె వస్తుందన్నది ఎక్కడ చూసుకోవాలి? తరువాతి వెర్షన్ దాకా రైతు ఆగుతాడా? ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతున్నాను. పట్టిక పెట్టేదాకా అడుగుతాను.