అమెరికా అబ్బాయికి రోజూ 120/80 పంపడం ఎలా?

అబ్బాయి డాలస్ నుంచి బీపీ మిషన్ తెచ్చాడు. మీ ఫోన్‌లో యాప్ పెట్టాడు. పొద్దున, సాయంత్రం అంకెలు పంపమని చెప్పి విమానం ఎక్కాడు. వాడి ఫోన్‌లో అంకె పచ్చగా కనిపించాలి, మీ రోజులు మాత్రం ఎప్పట్లాగే గడవాలి. రెండూ సాధ్యమే. కింది తొమ్మిది చిట్కాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. వేళ చూసుకోండి. పొద్దున్నే టిఫిను, మాత్ర కన్నా ముందు కొలవమంటారు డాక్టర్లు. ఆ వేళ అంకె మన మాట వినదు. మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీసి లేచాక కొలవండి. సాయంత్రానికి అదే అంకెను రెండు పాయింట్లు అటూ ఇటూ మార్చి పంపండి.

2. చేయి ఎత్తి పెట్టండి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలంటారు. మీరు చేతిని సోఫా వీపు మీదికి చాపండి. పది సెంటీమీటర్లు లేపితే ఏడెనిమిది పాయింట్లు తగ్గుతాయి. ఇంత చవక మందు ఏ షాపులోనూ దొరకదు.

3. సాకు ముందే వండి పెట్టుకోండి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, పాదాలు నేలకు ఆనించి కూర్చోమంటారు. అలా కూర్చుంటే ఎక్కువొచ్చినప్పుడు చెప్పడానికేం మిగలదు. కాఫీ తాగి, కాలు మీద కాలు వేసుకుని, ఫోన్‌లో వియ్యంకుడితో మాట్లాడుతూ కొలవండి. 160 వచ్చినా 'కాఫీ వల్లరా' అనొచ్చు. అబద్ధమూ కాదు.

4. చిన్నది ఏరుకోండి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి సగటు రాయమంటారు. మీరు ఏడుసార్లు కొలిచి అన్నిటికన్నా తక్కువది పంపండి. అప్పటికీ లొంగకపోతే పక్కింటి ఇంటర్ కుర్రాణ్ని పిలవండి. చేయి ఎవరిదో యాప్‌కి తెలియదు.

5. సెల్లులు తీసేయండి. గోడ గడియారానికి వేయండి. ఇంట్లో టైము తెలియడం ముఖ్యం. వారం రోజులు హాయిగా గడుస్తాయి.

6. హద్దు మీరే గీసుకోండి. ఇంట్లో కొలిచినప్పుడు 135/85 దాటితే ఎక్కువే అంటారు. మీరు వయసుకు వంద కలుపుకోండి. అరవై ఎనిమిదేళ్లకు 168 నిక్షేపంలాంటి బీపీ. పైగా ఏటా ఒక పాయింటు ఇంక్రిమెంటు.

7. మాత్రలు పొదుపు చేయండి. నెలకిచ్చిన షీట్లు మూడు నెలలు రావాలి. బీపీ చాలామందిలో చడీచప్పుడు లేకుండా ఉంటుంది. తల తిరగనప్పుడు మాత్ర దేనికి? డాక్టరుతో వీడియో కాల్ ఉన్న రోజు మాత్రం తప్పకుండా వేసుకోండి. ఎవరైనా అడిగితే 'అలవాటైపోతే కష్టం' అనండి.

8. ఉప్పు లెక్క తేల్చేయండి. రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయలో ఉప్పు పోయిన వేసవిలో వేసింది, ఇవాళ్టి లెక్కలోకి రాదు. అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు నంజుకునే వాటి కిందికే వస్తాయి. కూరలో చిటికెడు తగ్గించి ఆ సంగతి ఊరంతా చెప్పండి.

9. రాత్రిపూట కంగారు పడకండి. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఎడమ చేయి లేవకపోయినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోండి. నాలుగున్నర గంటల్లోపు వెళ్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు వీలుంటుందంటారు. అర్ధరాత్రి 108 బండి కూతకు వీధి వీధంతా లేస్తుంది. తెల్లారనివ్వండి.

ఇక మీకు పనంటూ ఉండదు. ఐసీయూలో గంటగంటకూ నర్సే బీపీ చూస్తుంది. మాత్ర మింగే శ్రమ లేదు, నూరి ముక్కు గొట్టంలో పోస్తారు. ఉప్పు గొడవ అసలే లేదు. అబ్బాయి దూరం నుంచి అంకెలు అడగడు. దొరికిన మొదటి విమానానికే వచ్చి మీ మంచం పక్కన కూర్చున్నాడు. వాడి చేతిలో ఫోన్ ఉంది. అందులో మీరు చివరగా పంపిన అంకె ఇంకా పచ్చగానే ఉంది: 120/80.